జాబుకు జవాబు: పెన్నలు రెండున్నాయా?

పోయిన నెల ఈ పేజీలో ‘పెన్నేటి పాట’ కావ్యం రాసిన కవి, పత్రికా సంపాదకుడు విద్వాన్ విశ్వం గారి ప్రస్తావన నాలుగు వాక్యాల్లో వచ్చింది. దాని మీద చాలా జాబులు వచ్చాయి. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఈసారి పేజీ మొత్తం ఆయనకే ఇస్తున్నాను. వంటింటి చిట్కాలు, పంటి నొప్పి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా తెలుగు మేడమ్ సెమినార్‌కి నాకు ‘పెన్నేటి పాట’ ఇచ్చారు. చదివాను. అందులో పెన్న అంటే ఇసుక, ఎండ, ఆకలి. మా అమ్మమ్మ వాళ్ళది పెన్న ఒడ్డున ఊరు. 2021 నవంబరు వరదలో వాళ్ళింట్లోకి నడుముల్లోతు నీళ్ళొచ్చాయి. బియ్యం బస్తాలు అటక మీదకెక్కించి, రాత్రంతా స్కూలు మిద్దె మీద కూర్చున్నారు. ఈ పుస్తకం గురించి చెప్తే అమ్మమ్మ, “ఆయనెవరో మన పెన్నను చూసినట్టు లేడే” అనింది. కవి కాబట్టి ఎక్కువ చేసి రాశారా? సెమినార్‌లో ఎవరైనా ఇదే అడిగితే ఏం చెప్పాలా అని టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, ఆత్మకూరు

జవాబు: అమ్మాయ్, మీ అమ్మమ్మగారు అన్న మాటతోనే నీ సెమినార్ మొదలుపెట్టు. అంతకంటే మంచి మొదలు దొరకదు.

ఆమె అన్నది నిజం. విశ్వం గారు రాసిందీ నిజం. ఆయన రాసింది పెన్న పైభాగం గురించి, మన నెల్లూరు వాళ్ళం చూసేది దాని చివర. నంది కొండల్లో పుట్టి, మన ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేదాకా పెన్న 597 కిలోమీటర్లు నడుస్తుంది. విశ్వం గారు 1915 అక్టోబరు 21న అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టారు. ఆయన చిన్నప్పటి నుంచీ చూసిన పెన్న పైనుండే పెన్న.

ఒకసారి మ్యాప్ ముందు పెట్టుకో. చిత్రావతి గండికోట దగ్గర కలుస్తుంది. తర్వాత కుందేరు, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు. ఇవన్నీ వచ్చి కలిసేది కడప జిల్లాలో. అంటే అనంతపురం జిల్లా దాటేదాకా పెన్నకు చెప్పుకోదగ్గ తోడు లేదు. పైగా అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, మన నెల్లూరులో పడేదాంట్లో దాదాపు సగం. నైరుతి మేఘాన్ని పడమటి కొండలు పట్టేసుకుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో మన మీద విరుచుకుపడే తుఫాను అక్కడికి చేరేసరికి నీరసపడిపోతుంది. రెండు కాలాలూ ఆ సీమను దాటేసి పోతాయి.

మీ అమ్మమ్మగారి ఇంట్లోకి వచ్చిన నీళ్ళు కూడా ఎక్కువగా అనంతపురం నుంచి వచ్చినవి కావు. ఆ నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళన్నీ పెన్న మీదున్న సోమశిల డ్యాముకు, అక్కడ గేట్లెత్తితే మన మీదకు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి కదా, అది నీకూ గుర్తుండే ఉంటుంది. వాన మీద, ఉపనదుల మీద ఆధారపడిన నది ఇట్లాగే ఉంటుంది. ఒక ఊళ్ళో చుక్క ఉండదు, ఇంకో ఊళ్ళో కొంప ముంచుతుంది.

ఇదంతా పుస్తకాల్లో దొరికేదే. నేను చూసింది ఒకటి చెప్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక స్నేహితుడి పెళ్ళికి తాడిపత్రి వెళ్ళాను. మే నెల. పొద్దున్నే ఏటి ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడికి పోయాం. గుడి వెనక పెన్న. నేను సంగం పక్కన పల్లెలో పుట్టినవాణ్ణి. పెన్న అనగానే మా అమ్మ, “పొర్లుకట్ట దాటి పోవాకండిరా” అని కేక వేసేది. ఆ అలవాటుతో నీళ్ళ కోసం చూశాను. కంటికి ఆనినంత దూరం ఇసుక. మధ్యలో ఎక్కడో నలుగురు ఆడవాళ్ళు వంగి ఉన్నారు. దగ్గరికి వెళ్తే, ఇసుకలో మోకాలి లోతు చెలమ తవ్వుకుని కూర్చున్నారు. ఒకామె చేతిలో కొబ్బరిచిప్ప. ఒక చిప్పెడు తోడి, గుడ్డ కట్టిన బిందెలో వంపుతుంది. అడుగున తేమ మాత్రం మిగులుతుంది. మళ్ళీ చిప్పెడు ఊరేదాకా ఆ గుంట వైపే చూస్తూ కూర్చుంటుంది. చిప్ప చెలమ అంచుకు తగిలితే ఇసుక జారి నీళ్ళు బురదవుతాయి. అందుకని చెయ్యి ఎంత నెమ్మదిగా దించుతుందో! బిందె సగం కావడానికి నేను చూస్తుండగానే ముప్పావుగంట పట్టింది. “ఏ ఊరు నాయనా?” అని అడిగింది. నెల్లూరు దగ్గర అన్నాను. “మీకేం, పెన్న మీ దగ్గరే ఉండాది” అంది.

అప్పటికే నేను ‘పెన్నేటి పాట’ ఒకసారి చదివి ఉన్నాను. పద్యాలు బాగున్నాయనుకున్నాను, అంతే. పెళ్ళి నుంచి తిరిగి వచ్చాక మళ్ళీ చదివితే పేజీ తిప్పడం కష్టమైంది.

అందులో కథ ఎంత చిన్నదో చూశావుగా. రంగడు, గంగమ్మ అనే పేద దంపతులు. వాళ్ళ కష్టం, వాళ్ళ కడుపు, ఒకరి మీద ఒకరికున్న ప్రేమ. ఆ కథకు ముందు కవి ఏం చేస్తాడంటే, ఏటి ఒడ్డున మనల్ని నిలబెట్టి ఇదే పెన్న అని చూపిస్తాడు. ఒకప్పుడు వైభోగంగా బతికిన సీమ ఇది అని తలుచుకుంటాడు. ఇంత మంచి తల్లి ఎందుకు ఎండిపోయిందని కుమిలిపోతాడు. మీ అమ్మమ్మగారు చూసిన నిండు పెన్నను ఆయన కాదనలేదమ్మా. ఆ నిండుతనం తన వాళ్ళకు ఎందుకు లేకపోయిందని అడిగాడు.

“ఎక్కువ చేసి రాశారా” అని ఎవరైనా అడిగితే ఇంకొకటి కూడా చెప్పు. అంత కరువు చూడటానికి అనంతపురం దాకా పోనక్కర్లేదు. మీ ఆత్మకూరు నుంచి బస్సెక్కి మర్రిపాడు మీదుగా ఉదయగిరి, సీతారామపురం వైపు పో. మన మెట్ట ప్రాంతం. అటు దాటితే కనిగిరి, తాగే నీళ్ళల్లో ఫ్లోరైడు. నెల్లూరంటే మొలగొలుకుల బియ్యం అని మనం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. కానీ కాలవ కింద ఉన్నవాళ్ళం, మెట్ట వాళ్ళను మన జిల్లా వాళ్ళని ఎన్నిసార్లు అనుకున్నాం? ఆ పుస్తకం మన జిల్లాకీ చెందుతుందని నేను గట్టిగా నమ్ముతాను. ఈ మాట నీ సెమినార్‌లో నా పేరు లేకుండా, నీ మాటగానే చెప్పు.

పద్యాలు చదివేటప్పుడు కంగారు పడకు. అవి పైకి పాడుకోవడానికి రాసినవి. ముందు రోజు రాత్రి అమ్మమ్మ ముందు కూర్చుని ఒకసారి గొంతెత్తి చదువు. ఆమె ఏమంటుందో రాసి పెట్టుకో. నాకూ రాయి.

ప్రశ్న: సార్, నేను ఒక దినపత్రికకు మండల విలేకరిని. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, నెలకు వచ్చేది బండి పెట్రోలుకే సరిపోదు. కవితలు రాస్తాను. రెండు మూడు అచ్చయ్యాయి కూడా. ఆఫీసులో మాత్రం “కవిగారూ, ముందు వార్త పంపండి” అని అందరి ముందూ వెటకారం చేస్తారు. మా నాన్న కూడా రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటాడు. విద్వాన్ విశ్వం గారు రెండూ ఎట్లా చేశారు? నేను ఏది వదులుకోవాలి?
— ఒక విలేకరి, కందుకూరు

జవాబు: తమ్ముడూ, నీ జాబు రెండుసార్లు చదివాను. నా పాతికేళ్ళప్పటి జాబులాగే ఉంది.

విశ్వం గారి జీవితం చూస్తే ఆయనకు పడవలు రెండు కాదు, నాలుగైదు. అనంతపురంలో తమ ఊరివాడే అయిన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి లాంటి మిత్రులతో కలిసి ‘నవ్య సాహిత్యమాల’ పెట్టి పుస్తకాలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రాజకీయాల వల్ల జైలుకు వెళ్ళారు. తర్వాత హైదరాబాదులో అడివి బాపిరాజు గారు సంపాదకుడిగా ఉన్న ‘మీజాన్’ పత్రికలో పనిచేశారు. ఆపైన ‘ఆంధ్రప్రభ’. 1952లో ‘ఆంధ్రప్రభ’ సచిత్ర వారపత్రిక మొదలైతే దాని బాధ్యత ఆయనదే. అందులోనే ‘మాణిక్యవీణ’ అని వారం వారం రాసిన శీర్షిక. అది సంపాదకీయమా, కవితా అంటే తేల్చి చెప్పలేం. లోకంలో జరిగేదాన్ని లయ ఉన్న మాటల్లో చెప్పేవారు. మా ఇంట్లో ఆ వారపత్రిక పోస్టులో వచ్చేది. రేపరు చించగానే మా అమ్మ మాలతీ చందూర్ గారి ‘ప్రమదావనం’ చూసేది, మా పెదనాన్న ‘మాణిక్యవీణ’ పైకి చదివేవాడు. ఎవరు ముందు అన్నది మా ఇంట్లో వారం వారం చిన్న తగాదా. పత్రిక ఆఖరికి నా చేతికొచ్చేసరికి నలిగిపోయి ఉండేది.

ఇప్పుడు నువ్వు గమనించాల్సింది ఇది. ‘పెన్నేటి పాట’ పుస్తకంగా వచ్చింది 1956లో. అప్పుడాయన ఖాళీగా లేరు. మద్రాసులో వారపత్రిక నడుపుతున్నారు. వారపత్రిక నడపడం అంటే ఏమిటో ఆ పని చేసినవాళ్ళకి తెలుస్తుంది. సీరియల్ భాగం టైముకి రాదు. ప్రూఫులు కుప్ప పడి ఉంటాయి. ఫారం మెషీన్ ఎక్కే వేళకి ఎక్కడో ఎనిమిది లైన్లు తక్కువ పడతాయి. ఆ సందడి మధ్యన కూర్చుని, తను పుట్టిన సీమ ఏటిని తలుచుకుని ఆ కావ్యం రాశారు. విలేకరి పని కవిత్వాన్ని చంపేస్తుందన్న మాట అందుకే నేను ఒప్పుకోను.

ఒప్పుకోకపోవడానికి నా అనుభవం కూడా ఉంది. నేను కంట్రిబ్యూటర్‌గా ఉన్న రోజుల్లో వార్త కాగితాలు కవర్లో పెట్టి రాత్రి బస్సు కండక్టర్ చేతికిచ్చేవాళ్ళం. ఒక ఏడాది ఉదయగిరి వైపు కరువు. నేను మహా ఉత్సాహంగా “ప్రకృతి కన్నెర్ర చేసింది, నేల నెర్రెలిచ్చింది, రైతన్న కంట నీరింకింది” అని మూడు పేజీలు రాసి పంపాను. మర్నాడు డెస్క్ నుంచి ఒక పెద్దాయన ఊళ్ళో ఎరువుల షాపుకు ట్రంక్ కాల్ చేసి నన్ను పిలిపించారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. “ఏ ఊరయ్యా? ఆ ఊళ్ళో బావులెన్ని, ఎన్నింట్లో నీళ్ళున్నాయి? రాత్రి వాళ్ళు ఏం తిన్నారు?” అని మూడు ప్రశ్నలు అడిగారు. మూడింటికీ నా దగ్గర జవాబు లేదు.

సైకిలు బస్సు మీద వేసుకుని మళ్ళీ పోయాను. ఒక ఇంటి ముందు ముసలామె చాటలో సజ్జలు చెరుగుతోంది. రాత్రి ఏం తిన్నారమ్మా అని అడిగితే, “సంకటి. నంజుకోను ఏం లేదు, ఉప్పుగల్లు” అంది. పొయ్యి దగ్గర సట్టి చూపించింది. అడుగున అంటుకున్న సంకటి గీరి మనవడికి దాచి పెట్టింది. నేను ఆ సట్టి గురించి రాశాను. విశేషణాలు అన్నీ కొట్టేశాను. ఆ వార్త మొదటి పేజీలో వేశారు. తర్వాత నాలుగు రోజులకు ఆ ఊరికి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది.

అదే ఏడాది ‘పెన్నేటి పాట’ మూడోసారి తీశాను. అప్పుడు కనబడింది నాకు, అందులో కరువు అనే పెద్ద మాట కంటే రంగడి ఇంటి సంగతులు ఎక్కువ. మొత్తం సీమ ఆకలిని ఒక్క ఇంట్లోకి తీసుకొచ్చి పెట్టారు. ఆ డెస్క్ పెద్దాయన నన్ను అడిగిన మూడో ప్రశ్నే అది. రాత్రి ఏం తిన్నారు?

అందుకని ఏదీ వదలొద్దు. రెంటికీ పని ఒకటే, పోయి చూడటం. నీ వార్తలో కవిత్వపు మాటలు పెట్టకు, అక్కడ ఆఫీసు వాళ్ళది న్యాయమే. కవితలో మాత్రం నువ్వు విలేకరిగా చూసింది పెట్టు. కందుకూరు పొగాకు వేలం దగ్గర బేలు వెనక్కి తిప్పి పంపినప్పుడు రైతు మొహం నువ్వు చూస్తావు, ఊళ్ళో మిగతా కవులు చూడరు. జేబులో రెండో నోటుబుక్కు పెట్టుకో. వార్తకు పనికిరాక మిగిలిపోయిన మాటలు అందులో రాసుకో. రోజూ పడుకునే ముందు పది నిమిషాలు చాలు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. లైన్ అకౌంట్ మీద ఇల్లు నడవదు. మీ నాన్నగారి భయం తప్పు కాదు. ట్యూషన్లో, ఇంకేదో ఇంకో ఆదాయం చూసుకో. అప్పు చేసి బండికి పెట్రోలు పోయించుకునే పరిస్థితి రానివ్వకు. అప్పులున్న విలేకరి దగ్గరికి ఎవరెవరు వస్తారో, ఏం అడుగుతారో నాకు తెలుసు.

వెటకారం చేసేవాళ్ళకి జవాబు చెప్పకు. వార్త టైముకి పంపు.

ప్రశ్న: ‘విద్వాన్’ అనేది ఆయన పేరా, ఎవరైనా ఇచ్చిన బిరుదా? నేను ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పి కూడా ఈ సందేహం తీర్చుకోలేదు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మాస్టారూ, అది పరీక్ష. మద్రాసు విశ్వవిద్యాలయం విద్వాన్ పరీక్ష ప్యాసైనవాళ్ళు ఆ మాట పేరు ముందు పెట్టుకునేవారు. ఆయన అసలు పేరు మీసరగండం విశ్వరూపాచారి. విశ్వరూపాచారి కాస్తా విశ్వం అయింది, చదువు పేరులో కలిసిపోయింది.

ఆ చదువు ఊరికే పేరు ముందు అలంకారంగా ఉండిపోలేదు. సంస్కృతంలోంచి కాదంబరి, దశకుమార చరిత్ర, మేఘసందేశం లాంటివి మామూలు పాఠకులకు అర్థమయ్యే తెలుగులోకి తెచ్చారు. సామ్యవాదం చదివి జైలుకు వెళ్ళినవాడు కాదంబరి రాసిన బాణభట్టును అంత ప్రేమగా తెలుగు చేయడం నాకు ఎప్పటికీ ఇష్టమైన సంగతి. రాజకీయం వేరు, సంస్కృతం వేరు అని గోడ కట్టుకోలేదు. 1987 అక్టోబరు 19న పోయారు. ఇంకో రెండు రోజులుంటే డెబ్బై రెండు నిండేవి.

ప్రశ్న: అన్నా, నేను పదో తరగతితో చదువు ఆపేశాను. చిన్న టైలరింగ్ షాపు ఉంది. పోయిన నెల మీరు రాసింది చదివి ‘పెన్నేటి పాట’ చదవాలనిపించింది. పద్యాలు నాకు అర్థమవుతాయా? పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?
— ఒక సోదరి, కనిగిరి

జవాబు: తప్పకుండా అర్థమవుతుందమ్మా. అక్కడక్కడా కొన్ని మాటలు తెలియకపోతే ఆగవద్దు, చదువుకుంటూ పో. రంగడు, గంగమ్మ మాట్లాడుకునే చోటికి వచ్చేసరికి నీకు నిఘంటువు అవసరం ఉండదు.

ముందు మీ ఊరి శాఖా గ్రంథాలయంలో అడుగు. అక్కడ లేకపోతే ఫలానా పుస్తకం కావాలని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టు. నలుగురు రాస్తే తెప్పిస్తారు. అదీ కుదరకపోతే ఈ పత్రిక ఆఫీసు చిరునామాకు ఒక కార్డు ముక్క రాయి. నా దగ్గరున్న పుస్తకం అట్ట ఊడిపోయి ఉంది, పోస్టులో పంపితే తట్టుకోదు. కాబట్టి మొదటి పది పేజీలు నా చేత్తో రాసి పంపుతాను. అవి చదివి, తర్వాతవి కావాలంటే చెప్పు.